ఎర్ర బ్యాటు అంటే రమ్మని

ఓర్విల్ నూట్సన్‌కు ఉన్న జబ్బు ఒక్కటే. ఎక్కడ ఏ బండి వెనక్కి నడుస్తున్నా, దాని వెనక తాను నిలబడి దారి చూపించకపోతే ఆయనకు ఊపిరాడదు.

బండి ఎవరిది, వాళ్ళు సాయం అడిగారా, అసలు సాయం అవసరమా అన్న ప్రశ్నలు ఆయనకు తట్టవు. ఇంటిబండి కానివ్వండి, గ్యాసు ట్యాంకరు కానివ్వండి, చెత్త లారీ కానివ్వండి, వెనక దీపాలు వెలిగితే చాలు, తింటున్న పాన్‌కేకు నోట్లో ఉండగానే పరుగు తీస్తాడు. ఒకసారి యూమా ఊళ్ళో కిరాణా దుకాణంలో ఒక ముసలావిడా ముసలాయనా సరుకుల బండిని రెండడుగులు వెనక్కి లాగారు. ఓర్విల్ అక్కడే ఉన్నాడు. ఆ తర్వాత దుకాణంవాళ్ళు పేర్చిన టమాటా డబ్బాల గోపురం అక్కడ లేదు.

నేను నెబ్రాస్కాలో జిల్లా న్యాయమూర్తిగా పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. ఆధారం లేని మాట అనడం నాకు అలవాటు లేదు. ఇక్కడ చెప్పేవన్నీ నేను స్వయంగా చూసినవి, లేదా చూసినవారిని నిలదీసి రాబట్టినవి. వినేవారికి అతిశయోక్తిగా తోస్తే ఆ దోషం ఓర్విల్‌ది, నాది కాదు.

చలికాలం వచ్చేసరికి మాబోటి వాళ్ళు నెబ్రాస్కా నుంచి, మిన్నెసోటా నుంచి, డకోటాల నుంచి ఇళ్ళను బండ్ల వెనక తగిలించుకుని ఈ అరిజోనా ఎడారికి దిగుతారు. మా కాపర్ గల్చ్ పార్కులో ఒక్కొక్కరికి గులకరాళ్ళు పరిచిన ఒక స్థలం, ఒక కుళాయి, ఒక కరెంటు స్తంభం ఉంటాయి. వసంతం దాకా అదే మా సామ్రాజ్యం. ఈ సామ్రాజ్యంలో వినోదం తక్కువ. అందుకే ఒక ఆచారం ఏర్పడింది. కొత్త బండి గేటు దాటిందని తెలియగానే అందరమూ మడత కుర్చీలు, కాఫీ కప్పులు పట్టుకుని, ఆ బండి ఆగవలసిన స్థలం ఎదుట వరుసగా కూర్చుంటాం.

చూడవలసిన దృశ్యమే మరి. అంత పొడుగు ఇంటిని అంత ఇరుకు స్థలంలోకి వెనక్కి తోయడం భార్యాభర్తలు కలిసి చేయవలసిన పని. భర్త నడుపుతాడు. భార్య వెనక నిలబడి చేతులు ఊపుతుంది. స్టీరింగును ఎడమకు తిప్పితే ఇంటి తోక కుడికి పోతుంది. ఆమె "ఎడమకి" అని అరుస్తుంది. ఏది ఎడమ? స్టీరింగుకు ఎడమా, తోకకు ఎడమా, ఆమెకు ఎడమా, ఆయనకు ఎడమా? మంచు రోడ్ల మీద రోజుల తరబడి ఒకే సీట్లో కూర్చుని వచ్చిన ఇద్దరికి ఈ ప్రశ్నను తీరిగ్గా చర్చించే ఓపిక ఉండదు. న్యాయస్థానంలో ఏళ్ళ తరబడి విడాకుల కేసులు విన్నాను. అక్కడ కూడా దంపతులు ఒకరి గురించి ఒకరు అంత నిజం చెప్పుకోగా వినలేదు.

సరిగ్గా ఆ ఘడియలో ఓర్విల్ ప్రవేశిస్తాడు. ఒంటి మీద రోడ్డు పనివాళ్ళు తొడుక్కునే నారింజ రంగు చొక్కా. రెండు చేతుల్లో రెండు టేబుల్ టెన్నిస్ బ్యాట్లు, ఒకటి ఎరుపు, ఒకటి ఆకుపచ్చ. రంగులు తానే వేసుకున్నాడు. ఎర్ర బ్యాటు చూపిస్తే రమ్మని. ఆకుపచ్చ బ్యాటు చూపిస్తే ఆగమని.

"ప్రపంచమంతా ఎరుపంటే ఆగమని కదా, ఓర్విల్?" అని ఒకనాడు అడిగాను.

"ప్రపంచం తప్పు చేస్తే నేనూ చెయ్యాలా, జడ్జి గారూ? ఎర్ర రంగు చూస్తే ఒంట్లో వేడి పుడుతుంది. వేడి పుడితే మనిషి కదులుతాడు. ఆకుపచ్చ చూస్తే చల్లబడతాడు. చల్లబడితే ఆగుతాడు. ఇది శాస్త్రం!"

"మరి అప్పుడప్పుడు రెండూ ఒకేసారి ఊపుతావేం?"

"కాస్త ఆలోచించుకోమని."

నేనూ నా భార్య మేవిస్ మొదటిసారి ఇక్కడికి వచ్చినప్పుడు యూటా నుంచి మా మధ్య మాటల్లేవు. నేను ఎంచుకున్న ఒక అడ్డదారి విషయంలో ఆమెకు కొన్ని అభ్యంతరాలుండేవి. వాటి వివరాలు ఇక్కడ అప్రస్తుతం. ఓర్విల్ మా బండి వెనక్కి వచ్చి ఎర్ర బ్యాటును గాలిమరలా తిప్పాడు. నేను ఆ బ్యాటును నమ్మి వెళ్ళాను. నేరుగా సర్కారు తుమ్మలోకి. ముళ్ళకొమ్మ ఒకటి వంటింటి కిటికీలోంచి లోపలికి వచ్చి చక్కెర డబ్బా పక్కన ఆగింది.

మేవిస్ పరుగున వచ్చి నా అద్దం కొట్టింది. "చూశావా ఆ మనిషి ఏం చేశాడో? అంత చెట్టు కనబడలేదా ఆయనకి? అవి కళ్ళా, బొత్తాలా?"

"బొత్తాలే," అన్నాను.

"బొత్తాలైనా ఇంతకంటే నయం!"

చీకటి పడేదాకా ఇద్దరం పట్టకారుతో పరదాల్లోంచి ముళ్ళు పీకుతూ, వంతులవారీగా ఓర్విల్‌ను తిడుతూ కూర్చున్నాం. అడ్డదారి ఊసు రాలేదు.

మరుసటి సంవత్సరం పాస్టర్ లిల్లేబీ వంతు. ఆ దంపతుల బండిని ఓర్విల్ బట్టలారేసే తీగల గుండా పంపించాడు. ఊరందరి లోదుస్తులను జెండాల్లా ఎగరేసుకుంటూ ఆ బండి ఆఫీసు దాకా ఊరేగింది. పాస్టర్ కిటికీలోంచి తల బయటపెట్టి, దైవసేవలో జీవితమంతా అణచిపెట్టుకున్న ఒక మాటను బయటికి వదిలాడు. ఎర్రబడిన కళ్ళతో, ముక్కు చీదుకుంటూ బండి దిగిన ఆయన భార్య థెల్మా ఆ మాట విని చప్పట్లు కొట్టింది.

"మళ్ళీ అను, లార్స్! గట్టిగా అను, వాడికి వినబడలేదు!"

ఇలాంటివి ఎన్నని చెప్పను? పార్కులో ఓర్విల్‌ను తిట్టని ఇల్లు లేదు. బుధవారం సాయంత్రాల ఉమ్మడి భోజనాల్లో మా అందరికీ సమానంగా నచ్చే వంటకం అదొక్కటే. ఎవరు ఏ గిన్నె తెచ్చినా చివరికి నంజుకునేది ఓర్విల్‌నే. ఆయన మాత్రం మూడోసారి బీన్స్ వడ్డించుకుంటూ ఎదురు తిరుగుతాడు.

"నేను 'ఎడమకి' అని గొంతు చించుకున్నాను. వీళ్ళు కుడికి పోయారు. వెనక్కి నడపడం రానివాళ్ళకి అసలు బండ్లెందుకు అమ్ముతారు? అడిగేవాడు లేడా ఈ దేశంలో?"

"నువ్వు ఎడమకి అంటూ కుడి చెయ్యి ఊపావయ్యా!" అంటాడు పాస్టర్.

"చెయ్యి అలంకారం! మాట ముఖ్యం! బైబిలు చదివినవాడికి ఆ మాత్రం తెలీదూ?"

ఓర్విల్ భార్య ఆర్డిస్ గుప్పెడంత మనిషి. ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్నాయి. మిన్నెసోటా చలిగాలి పీలిస్తే ఆమెకు ఆసుపత్రే గతి అని వైద్యులు తేల్చారు. ఈ ఎడారి పొడిగాలిలో మాత్రం గొడుగు నీడన కూర్చుని అల్లిక అల్లుకుంటూ, భర్తను దెప్పుకుంటూ హాయిగా ఉంటుంది.

"జీవితమంతా ధాన్యం లారీలు నడిపాడండీ," అనేది నాతో. "గాదెల దగ్గర ఇటు వేలెడు, అటు వేలెడు సందు ఉంటే చాలు, వెనక్కి పెట్టేసేవాడు. ఇప్పుడేమో చూడండి. దేవుడు చేతులు ఉంచి బుర్ర తీసుకున్నాడు."

వాళ్ళ పదిహేడో నంబరు స్థలంలో ఆ పాత ట్రైలరు దారం పట్టి నిలబెట్టినట్టు తిన్నగా ఉంటుంది. చెత్త లారీని ఆయన వారం వారం వెనక్కి పిలుస్తాడు. దానిని నడిపేవాడు ఒంటరి మనిషి. ఆ లారీ ఇంతవరకు దేనికీ తగల్లేదు. ఈ రెండు సంగతులూ నా కళ్ళెదుటే ఉన్నాయి. వాటిని సాక్ష్యంగా తూచవలసిన అవసరం అప్పటికి రాలేదు.

అవసరం ఫెటర్లీ దంపతులతో వచ్చింది.

డ్వైట్ ఫెటర్లీ అయోవాలో ఇల్లు అమ్మేసి, కొత్త పెళ్ళికొడుకులా మెరిసే ఇంటిబండి కొని, భార్య కొలీన్‌ను ఎక్కించుకుని వచ్చాడు. ఇల్లు అమ్మడం ఆమెకు ఇష్టం లేదన్న సంగతి తెలుసుకోవడానికి ఎవరినీ అడగనక్కర్లేదు. ఆమె బండి దిగి పార్కు మేనేజరు గ్లెండాను వేసిన మొదటి ప్రశ్న, "ఫీనిక్స్ విమానాశ్రయానికి బస్సు ఎక్కడ ఎక్కాలి?" అని. గ్లెండా ఆ మాట నాకు చెప్పి పెదవి విరిచింది. మేం కుర్చీలు తెచ్చుకుని కూర్చున్నాం.

డ్వైట్ వెనక్కి పోనిస్తున్నాడు. కొలీన్ వెనక నిలబడి ఉంది గానీ చేతులు కట్టుకుని ఆకాశం చూస్తోంది. ఇంతలో ఓర్విల్ ఊడిపడ్డాడు. రెండు బ్యాట్లూ ఒకేసారి లేచాయి.

"రా! రా! బోలెడు చోటుంది! ఎడమకి! అది కాదయ్యా, రెండో ఎడమకి!"

"రెండో ఎడమేమిటి?" అని డ్వైట్ అరిచాడు.

"మొదటిది కానిది! రా!"

మొదట వెనక దీపం పగిలింది. ఆపైన నిచ్చెన వంగింది. ఆపైన కుళాయి స్తంభం మొదలంటా విరిగి, ఎడారిలో ఎన్నడూ చూడని ఫౌంటెన్ ఒకటి లేచింది. నీళ్ళలో తడుస్తూ ఓర్విల్ ఆకుపచ్చ బ్యాటు పైకెత్తి, "ఇక ఆగొచ్చు!" అన్నాడు.

డ్వైట్ ఒకవైపు నుంచి, కొలీన్ ఒకవైపు నుంచి ఆయన మీదికి వచ్చిన తీరు చూస్తే మాకే భయమేసింది.

"ఎవడీ మనిషి?" అన్నాడు డ్వైట్.

"ఎవడైతేనేం, పిచ్చివాడు!" అంది కొలీన్. "మా కొత్త బండి! ఇంకా వాసన కూడా పోలేదు!"

"మీరు మెల్లగా రావాల్సింది," అన్నాడు ఓర్విల్, నొచ్చుకుంటూ.

మర్నాడు వాళ్ళిద్దరూ కలిసి గ్లెండా దగ్గరికి వెళ్ళారు. కుళాయి విరగడం గ్లెండాకు ఇది మొదటిసారి కాదు. ఆవిడ నేరుగా నా దగ్గరికి వచ్చింది, ఎందుకంటే పార్కు నివాసుల కమిటీకి నేను అధ్యక్షుణ్ణి.

"ఇక నా వల్ల కాదు, జడ్జి గారూ. మీ కమిటీ సరేనంటే పదిహేడో నంబరు ఖాళీ చేయిస్తాను. ఆ స్థలం కోసం ఎంతమంది కాచుకుని ఉన్నారో మీకు తెలుసు."

"ఈ కాలంలో వాళ్ళకి ఇంకెక్కడ చోటు దొరుకుతుంది? యూమా చుట్టుపక్కల పార్కులన్నీ నిండిపోయాయి."

"దొరకదు. మిన్నెసోటాకి పోవాలి."

"ఆర్డిస్ ఊపిరి సంగతి?"

గ్లెండా కఠినాత్మురాలు కాదు. "ఆ ముక్క ఆయన ఆలోచించుకోవాల్సింది," అంది ఎటో చూస్తూ.

ఆ మాటలో న్యాయం ఉంది. జబ్బు భార్య ఉన్నంత మాత్రాన ఇతరుల దీపాలు పగలగొట్టే హక్కు ఎవరికీ రాదు. శనివారం విచారణ పెట్టాను.

విచారణకు ముందు రోజు లవాన్ ప్రిచర్డ్ వచ్చింది. ఆమె భర్త బడ్ ఎండాకాలంలో పోయాడు. ఏటా బండి నడిపింది ఆయనే. ఈసారి ఆమె ఒక్కతే అంత బండినీ లాక్కుంటూ వచ్చి, గేటు లోపల ఆపి, స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టి అలాగే కూర్చుండిపోయింది. మావాళ్ళు అలవాటు కొద్దీ కుర్చీలు విప్పారు. అప్పుడు ఓర్విల్ వచ్చాడు. నారింజ చొక్కా లేదు. బ్యాట్లు వెనక జేబులో ఉన్నాయి.

ఆయన మొదట బండి దగ్గరికి వెళ్ళలేదు. కుర్చీల వరుస దగ్గరికి వచ్చాడు.

"లేవండి. ఇవాళ ఆట లేదు. లోపలికి పదండి," అంటూ ఒక్కొక్క కుర్చీ మడిచి ఎవరిది వాళ్ళ చంకలో పెట్టాడు.

"ఇదేం దౌర్జన్యం?" అన్నాడు పాస్టర్.

"దౌర్జన్యమే. పద."

మేం లోపలికి వెళ్ళాం. నేను మాత్రం పరదా పక్కకు జరిపి చూశాను. సాక్షి కళ్ళు మూసుకోకూడదు. ఓర్విల్ ఆమె అద్దంలో కనబడేచోట నిలబడ్డాడు. రెండు వేళ్ళు ఎత్తాడు, అంతే. వేళ్ళు కాస్త ఇటు వంచితే బండి ఇటు వచ్చింది, అటు వంచితే అటు పోయింది. అరుపు లేదు, పరుగు లేదు. పిడికిలి మూశాడు, బండి ఆగింది. ఒకే ఊపులో, గీత గీసినట్టు. లోపల బల్ల మీద నిండా కాఫీ పోసిన కప్పు ఉన్నా తొణికేది కాదు.

నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. చేతకానివాడని ఇన్నేళ్ళూ క్షమించాం. చేతకానివాడు కాదు! ఎడమా కుడీ మనందరికంటే బాగా తెలిసినవాడు!

"కావాలని పంపాడు, మేవిస్!" అన్నాను. "మనల్ని కావాలని తుమ్మలోకి పంపాడు!"

మేవిస్ వంటింటి పరదా వంక చూసింది. ముల్లు చేసిన చిరుగు ఇంకా ఉంది. "అయితే వెళ్ళగొట్టు," అంది.

"ఆర్డిస్ సంగతో?"

"ఆర్డిస్‌ని మన దగ్గర ఉంచుకుందాం. ఆయనొక్కణ్ణే మంచులోకి పంపు. రెండు బ్యాట్లూ ఇచ్చి మరీ పంపు."

శనివారం నాడు ఉమ్మడి హాలు నిండిపోయింది. ఫెటర్లీ దంపతులు ముందు బెంచీలో ఒకరినొకరు ఆనుకుని కూర్చున్నారు. ఓర్విల్ ఒక మూల, బ్యాట్లు ఒళ్ళో పెట్టుకుని. పక్కన ఆర్డిస్, అల్లిక లేకుండా. ఆమె చేతులు ఖాళీగా ఉండడం నేను అదే మొదటిసారి చూశాను.

లవాన్ విషయంలో చూసింది చూసినట్టు సభకు చెప్పాను. హాలు భగ్గుమంది.

"అంటే మా నిచ్చెన కావాలనే వంచాడా!" అన్నాడు డ్వైట్.

"దీపం కూడా!" అంది కొలీన్.

"ఆ తీగలు!" అంది థెల్మా.

"నా కుళాయి!" అంది గ్లెండా.

"నిశ్శబ్దం," అన్నాను. "నేరం చేసినవాడికి ఒక లాభం ఉండాలి. ఈ మనిషికి ఏం లాభమో ఇంకా తేలలేదు. ఫెటర్లీ గారూ, జరిగింది మొదటి నుంచి చెప్పండి."

డ్వైట్ మొదలుపెట్టాడు. ఒక వాక్యం అతను ఎత్తుకుంటే కొలీన్ ముగించింది. ఆమె ఎత్తుకుంటే అతను ముగించాడు. "బోలెడు చోటుందన్నాడు" అని అతను, "బెత్తెడు లేదు" అని ఆమె. పెళ్ళిలో కలిసి పాట పాడే జంటలా ఉన్నారు. నాకు బస్సు సంగతి గుర్తొచ్చింది.

"అమ్మా, మీరు గేటు దాటేసరికి మీ ఇద్దరి మధ్య మాటలున్నాయా?" అని అడిగాను.

"దానికీ దీపానికీ సంబంధం ఏమిటి?" అన్నాడు డ్వైట్.

"ఉందో లేదో తేల్చడం నా పని. జవాబు ఆవిడ చెబుతుంది."

కొలీన్ నేలచూపు చూసింది. "లేవు. న్యూ మెక్సికోలో ఆగిపోయాయి."

"మీరు బస్సు గురించి అడిగారట."

"అడిగాను. పెట్టె కూడా సర్దుకున్నాను. మా చెల్లెలి దగ్గరికి పోదామనుకున్నా."

డ్వైట్ ఆమె వంక తిరిగాడు. పెట్టె సంగతి అతనికి తెలియదని ఆ ముఖం చూస్తేనే తెలిసింది.

"ఆ పెట్టె ఇప్పుడెక్కడుంది?"

"మంచం కింద ఉంది."

"అందులో ఏముంది?"

"దీపం ముక్కలు," అంది కొలీన్. "సాక్ష్యం కోసం దాచాను. బట్టలు తీసేసి అవి పెట్టాను. ఇంకేం ఖాళీ దొరకలేదు."

హాల్లో ఎవరో తుమ్మబోయి ఆపుకున్నారు.

"పాస్టర్ గారూ, మీరు వచ్చిన రోజున మీ శ్రీమతి ఎందుకు ఏడ్చారు?"

"అది మా సొంత విషయం," అన్నాడు పాస్టర్. థెల్మా ఆయన మోచెయ్యి పట్టుకుంది. "ఏడ్చిన మాట నిజమే, జడ్జి గారూ. ఈయన ఆ మాట అన్నాక మాత్రం నవ్వాగలేదు. ఇప్పటికీ పెళ్ళిరోజుకి అడిగి మరీ చెప్పించుకుంటాను."

నేను ఇంకెవరినీ అడగనక్కర్లేకపోయింది. హాల్లో జంటలు ఒకరి ముఖాలొకరు చూసుకుంటున్నాయి. రెండో వరుసలో మేవిస్ నన్నే చూస్తోంది. యూటా అడ్డదారి ఆమెకు గుర్తొచ్చిందని, ఆ అడ్డదారిని మేం ఎక్కడ పోగొట్టుకున్నామో కూడా గుర్తొచ్చిందని నాకు అర్థమైంది.

"ఓర్విల్ నూట్సన్," అన్నాను. "ఒంటరిగా వచ్చినవాళ్ళని తిన్నగా నడిపిస్తావు. కొట్టుకుంటూ వచ్చిన జంటల్ని మాత్రం చెట్టుకో స్తంభానికో కొడతావు. వాళ్ళు ఒకరినొకరు తిట్టుకోవడం మాని నిన్ను తిట్టాలని. అవునా, కాదా?"

ఓర్విల్ లేచాడు. ఆయన ముఖం ఎర్ర బ్యాటు కంటే ఎర్రగా ఉంది.

"నేనా! కావాలనా! జడ్జి గారూ, నన్ను దొంగ అనండి, ఊరుకుంటా. తాగుబోతు అనండి, ఊరుకుంటా. దారి చూపించడం తెలిసి కూడా తప్పు చూపించానంటారా? ఈ పార్కులో నా అంత బాగా చూపించేవాడు ఎవడున్నాడు? వీళ్ళకి నడపడం రాదు! ఆ లవానమ్మకి వచ్చు! అంతే! ఇందులో జంటలేమిటి, ఒంటరేమిటి! ఎంత మాటన్నారు!"

"కూర్చో, ఓర్విల్," అంది ఆర్డిస్. ఊపిరి తీసుకోవడానికి ఆగి ఆగి మాట్లాడింది. "మా మొదటి చలికాలం, జడ్జి గారూ, నేనూ సంచి సర్దుకుని ఈ గేటు దగ్గరే దిగిపోయాను. పక్క స్థలంలో ఎవరో పొట్టి మనిషి. 'రా, రా' అంటూ మా బండిని మురుగు గుంటలో దింపాడు. ఇద్దరం కలిసి ఆయన్ని ఎంత తిట్టామో! తిట్టి తిట్టి ఆకలేసింది. నా సంచిలో రొట్టె ఉంటే తీసి ఇద్దరం తిన్నాం. ఆయన పేరు కూడా అడగలేదు."

"అది వేరే సంగతి, ఆర్డిస్!"

"వేరే సంగతే," అంది ఆర్డిస్. "నేనేమన్నాను?"

తీర్పు చెప్పడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఫిర్యాదు నిజమని తేలింది. నష్టం జరిగింది. కాబట్టి దీపం, నిచ్చెన, కుళాయి ఓర్విల్ తన చేతులతోనే బాగుచేయాలన్నాను. తెల్లవారుజామునే చేసేశాడని గ్లెండా గొణిగింది. కుళాయి స్తంభాన్ని స్థలానికి రెండోవైపుకు మార్చాలని గ్లెండాను ఆదేశించాను. పదిహేడో నంబరు నూట్సన్ దంపతులదే.

డ్వైట్ మండిపడ్డాడు. "అంటే ఏమిటి? ఇకమీదట మేం ఈయన్ని తిట్టకూడదా?"

"తిట్టవచ్చు," అన్నాను. "ఆ హక్కును కమిటీ మీకు శాశ్వతంగా ఇస్తోంది. ఒకటే షరతు. ఇద్దరూ కలిసి తిట్టాలి."

ఆర్డిస్ సంచిలోంచి అల్లిక తీసింది. ఓర్విల్ మాత్రం నాతో వారం రోజులు మాట్లాడలేదు. తన పనితనాన్ని శంకించానట.

మరుసటి చలికాలం నేనూ మేవిస్ పెద్ద రోడ్డు మీదుగానే, పాత పాటలు పాడుకుంటూ వచ్చాం. దారిలో ఎక్కడా మాటా మాటా రాలేదు. మా వెనకే డకోటా నంబరుతో ఇంకో ఇంటిబండి గేటులోకి వచ్చింది. ముందు సీట్లో ఇద్దరు, మధ్యలో మరొకరు పట్టేంత ఖాళీ.

ఓర్విల్ నారింజ చొక్కా గుండీలు పెట్టుకుంటూ పరుగున వచ్చి, మా ముందు అద్దంలోంచి నన్ను చూశాడు. మేవిస్‌ను చూశాడు. ఏదో పోగొట్టుకున్నవాడిలా ముఖం పెట్టి, బ్యాట్లు రెండూ చంకలో ఇరికించుకుని, మా వెనక్కి వెళ్ళి రెండు వేళ్ళు ఎత్తాడు. మా బండి ఒకే ఊపులో, గీత గీసినట్టు స్థలంలోకి చేరింది.

న్యాయశాస్త్రంలో దీనిని నేరం ఒప్పుకోవడం అంటారు.

మేవిస్ మాత్రం ఊరుకోలేదు. తల బయటపెట్టి అరిచింది. "ఏమయ్యా ఓర్విల్! మాకు బ్యాట్లు చూపించవా? మేమంటే అంత చులకనా?"

"మీకు దండగ!" అని అరిచి, ఓర్విల్ రెండో బండి వైపు తిరిగి, రెండు బ్యాట్లూ ఒకేసారి ఎత్తాడు. "రా! రా! బోలెడు చోటుంది!"

మేం కుర్చీలు విప్పుకుని కూర్చునేలోపే పెద్ద చప్పుడు వినిపించింది. ఆ వెంటనే రెండు గొంతులు ఒక్కటై లేచాయి.

మేవిస్ ఫ్లాస్కు మూత తీసి నా కప్పులో కాఫీ పోసింది. ఓర్విల్ మా ముందు నుంచి బ్యాట్లు ఊపుకుంటూ, కోపంతో ఊగిపోతూ వెళ్ళాడు.

"ఈ డకోటావాళ్ళకి వెనక్కి నడపడం ఎవరు నేర్పారో గాని, జడ్జి గారూ! అడిగేవాడు లేడా ఈ దేశంలో?"